తెలిసిన గొంతు

ఆ వేసవి తర్వాత మా ఇంట్లో ఎవరూ బాల్కనీ తలుపు మూసుకుని ఫోన్ మాట్లాడలేదు. ఎందుకో అమ్మకి ఇప్పటికీ తెలీదు. నాకూ నాన్నకీ తెలుసు, కానీ మేమిద్దరం ఆ మాట ఎత్తం.

పదకొండో తరగతి పరీక్షలు కాగానే బడివాళ్ళు మమ్మల్ని వేసవి శిక్షణకి పంపారు. బల్లల మీద కూర్చోబెట్టి పాఠాలు చెప్పే శిక్షణ కాదు. నిజమైన ఆఫీసు, నిజమైన పని, నెలాఖరుకి నిజమైన జీతం. సెలవులు అయ్యేసరికి ఉద్యోగమంటే ఏమిటో మీకు తెలిసొస్తుందని హెడ్మాస్టరు అన్నాడు. నా స్నేహితురాళ్ళలో ఒకదానికి బ్యాంకు వచ్చింది, ఇంకోదానికి పశువుల ఆసుపత్రి. నాకు ఫోన్ల హాలు వచ్చింది.

"పొద్దస్తమానం వాగే పిల్లకి సరైన చోటే దొరికింది," అంది అమ్మ, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

"ఆఫీసరమ్మగారు రేపట్నించి డ్యూటీకి వెళ్తున్నారు. ఎవరక్కడ, కుర్చీ వెయ్యండి!" అన్నాడు నాన్న. తనే లేచి, తన కుర్చీనే తుడిచి నాకు వేశాడు. ఆయన తీరే అంత. బస్టాండులో విచారణ కౌంటర్లో ఉద్యోగం. ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మగవాళ్ళని లోకం అంటుంది కదా, మీ నాన్న రెండుచోట్లా పిల్లేనని అమ్మ నవ్వేది.

ఫోన్ల హాలు సంగతి చెప్పాలి. మీ ఇంట్లో ఫ్రిజ్ పాడైతే ఫ్రిజ్ కంపెనీకి ఫోన్ చేస్తారు. కుళాయిలో నీళ్ళు రాకపోతే నీటి సరఫరా వాళ్ళకి చేస్తారు. ఇంటర్నెట్ ఆగిపోతే ఇంకొకళ్ళకి. మూడుసార్లూ ఫోన్ ఎత్తేది ఒకే హాల్లో, ఒకే కుర్చీలో కూర్చున్న ఒకే మనిషి కావచ్చని మీకు తెలీదు. ముందున్న తెర మీద ఏ కంపెనీ పేరు వెలిగితే ఆ పేరు చెప్పి నమస్కారం పెట్టడమే అక్కడివాళ్ళ పని. ఏయే కంపెనీల ఫోన్లు ఇక్కడికొస్తాయో బయట ఎవరికీ చెప్పకూడదని మొదటిరోజే మాతో ఒట్టు వేయించినంత పని చేశారు. కిటికీలు లేని పొడవాటి హాలు. నడివేసవిలో అందరూ శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్ళు, ఏసీ అంత చలి. గోడ మీద పెద్ద అక్షరాలతో 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అని అంటించారు.

శిక్షణకి వచ్చిన పిల్లలకి ఫోన్లు ఎత్తే హక్కు లేదు. అంతకుముందు వచ్చిన కాల్స్ రికార్డులు విని, ఉద్యోగి ఎంత మర్యాదగా మాట్లాడిందో మార్కులెయ్యాలి. ఎవరి కాల్ ఎవరికొస్తుందో యంత్రం ఇష్టం. మా పై అధికారిని అందరూ మార్కుల మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ మాకు చెప్పిన నియమాల్లో నాకు రెండు వింతగా అనిపించాయి. ఒకటి, అక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు మౌనం. అవతలివాళ్ళు ఎంత తిట్టినా 'చెప్పండి, వింటున్నాను' అంటూనే ఉండాలట. నోరు మెదపకపోతే నిర్లక్ష్యం కింద లెక్క. రెండోది తెలిసిన గొంతు. ఇదివరకు కొందరు తమవాళ్ళచేత ఫోన్లు చేయించి తమని పొగిడించుకున్నారట. అందుకని, ఫోన్ చేసింది హాల్లో ఎవరికైనా బంధువని తేలితే ఆ కాల్ మొత్తం లెక్కలోంచి తీసేస్తారు. "గొంతు తెలిసిందంటే వెంటనే చెయ్యెత్తాలి," అంది మేడమ్. మా ఇంట్లో ఫ్రిజ్‌కి జబ్బు చేసిన సంగతి అప్పుడు నాకు గుర్తు కూడా రాలేదు.

నా పక్క కుర్చీ తేనక్కది. ఆ గొంతు వింటే పేరెందుకు వచ్చిందో అడగక్కర్లేదు. ఇద్దరు తమ్ముళ్ళ చదువులు ఆ గొంతు మీదే నడుస్తున్నాయి, అందుకే పిల్లలం ఇళ్ళకెళ్ళాక కూడా రాత్రిదాకా కూర్చునేది. ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. వేసవి చివర్లో కొందరిని ఖాయం చేస్తారు, మిగతావాళ్ళని పంపేస్తారు. జ్వరంతో గొంతు పోయిన రోజుల్లో ఆమెకి రెండు మౌనాలు పడ్డాయి. మూడోది పడితే ఇంటికే.

"మాట్లాడేటప్పుడు నవ్వు. అవతలివాళ్ళకి కనపడదనుకుంటావు గానీ, నవ్వు వినపడుతుంది," అని నాకు మొదట నేర్పింది ఆమే. తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టేది. నేను రోజంతా వాగేదాన్ని, ఆమె రెండు కాల్స్ మధ్య సందులో 'ఊ' కొట్టేది.

ఆ హాల్లో అందరూ భయపడే మనిషి ఒకడున్నాడు. పేరు ఎవరికీ తెలీదు, ఎందుకంటే తెర మీద ఫిర్యాదు నంబరు తప్ప పేరు పడదు. అందరూ కందిరీగ అనేవాళ్ళు. సాయంత్రమైతే చాలు ఏదో ఒక కంపెనీకి ఫోన్ చేస్తాడు. చిన్న ఫిర్యాదే, కానీ తిట్లు మాత్రం కుట్టినట్టుంటాయి. మా బడి నుంచే వచ్చిన మిమిక్రీగాడు రెండోవారానికే ఆ గొంతు పట్టేశాడు. టీ వేళకి కుర్చీ ఎక్కి, "ఏమ్మా, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?" అనేవాడు. హాలంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర అదంతా అభినయించి చూపించాను. కంపెనీల పేర్లు మాత్రం చెప్పలేదు.

అమ్మ ముక్కున వేలేసుకుంది. "ఆ నోటికి తాళం లేదా? వాడి పెళ్ళాం పిల్లలు ఎట్లా పడుతున్నారో పాపం."

"ఉంటారు అలాంటివాళ్ళు," అన్నాడు నాన్న, నా కంచంలో ఇంకొంచెం వడ్డిస్తూ. "మా కౌంటర్‌కి రోజూ వస్తారు. మనిషిని మనిషిలా చూడరు. పెంపకంలోనే ఉంటుంది తల్లీ అదంతా." ఆయన ముఖంలో నిజమైన బాధే కనపడింది. ఆ ముఖాన్ని తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో. అందులో నటన ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు.

వేసవి సగం గడిచాక ఒకరోజు పొద్దున యంత్రం నాకు తేనక్క కాల్ ఒకటి ఇచ్చింది. కిందటి వారం ఒక సాయంత్రం వచ్చింది, ఫ్రిజ్ కంపెనీది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

"బాగుచేసే మనిషి ఇవాళొస్తాడు రేపొస్తాడు అంటున్నారు. ఏమ్మా, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?"

సంబరపడిపోయాను. అసలు కందిరీగ నా చెవిలో పడ్డాడు! ఎదురు వరసలో ఉన్న మిమిక్రీగాడికి చేత్తో సైగ కూడా చేశాను. వాడి అనుకరణకంటే అసలు గొంతు మొరటుగా ఉంది, కసిగా ఉంది. తేనక్క 'క్షమించండి సార్' అంటోంది. ఆయన 'నీ క్షమాపణ ఎవడిక్కావాలి, నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాణ్ణి అనాలి' అంటున్నాడు. అప్పుడు వెనకాల తలుపు కిర్రుమంది. ఒక ఆడపిల్ల గొంతు దూరంగా వినపడింది.

"నాన్నా, రావా? భోజనం చల్లారిపోతోంది."

"వచ్చేస్తున్నా బంగారం, నువ్వు మొదలుపెట్టు." వెన్నలాంటి గొంతు. తలుపు మూసుకుంది. మళ్ళీ కందిరీగ. "ఏమ్మా, ఉన్నావా? నోరు పడిపోయిందా? సిగ్గు లేదూ ఆ జీతం తినడానికి?"

తేనక్క మాట్లాడలేదు. టేపు నడుస్తూనే ఉంది. ఆయన తిడుతూనే ఉన్నాడు. చాలాసేపటి తర్వాత తేనక్క 'చెప్పండి సార్' అంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

నా గొంతు టేపులో నాకే పరాయిదానిలా వినపడింది. కానీ ఆ తలుపు చప్పుడు మా బాల్కనీది. ఆ 'బంగారం' నాది. పగలంతా మాట్లాడి అలిసిపోయాను, కాస్త గాలి పీల్చుకుంటానని నాన్న రోజూ సాయంత్రం అక్కడికి వెళ్తాడు. ఎవరో స్నేహితుడితో మాట్లాడుతున్నాడని అనుకునేవాళ్ళం. ఆ రోజు లోపలికొచ్చి చేతులు కడుక్కుని, నేను చెప్పిన ఏదో పిచ్చి జోకుకి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. అన్నీ గుర్తున్నాయి.

"కందిరీగేనా? నన్నూ విననీ," అంటూ మిమిక్రీగాడు వచ్చి హెడ్‌ఫోన్ అందుకోబోయాడు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. "కాదు," అన్నాను. "వేరే ఎవరో."

లేచి బాత్రూంకి వెళ్ళి కూర్చున్నాను. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. మౌనాన్ని దాచలేను, మేం వేసిన మార్కుల్ని మేడమ్ మళ్ళీ సరిచూస్తుంది. మౌనానికి మార్కు వేసేసి ఊరుకుంటే మా నాన్న పరువు దక్కుతుంది, తేనక్క ఉద్యోగం పోతుంది. చెయ్యెత్తితే తేనక్క ఉద్యోగం నిలుస్తుంది. కానీ హాలు మధ్యలో నిలబడి, మీరంతా నవ్వుకునే ఆ మనిషి మా నాన్నే అని చెప్పాలి. పంపు తిప్పి ముఖం కడిగాను, మళ్ళీ కడిగాను. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఒట్టి సిగ్గు. ఒంటి మీద గుడ్డ లేకుండా బజార్లో నిలబెట్టినంత సిగ్గు.

వెళ్ళి చెయ్యెత్తాను.

మార్కుల మేడమ్ నన్ను అద్దాల గదిలోకి తీసుకెళ్ళింది. "ఎవరు?" అంది.

"మా నాన్న."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చెప్పినంత మాత్రాన తీసెయ్యలేనమ్మా. ఉద్యోగిని కాపాడ్డానికి ఎవరైనా అట్లా చెప్పొచ్చు. ఆమెను కూడా పిలిచి వినాలి." తేనక్క వచ్చింది. శాలువా సర్దుకుని నా పక్కన కూర్చుంది, నా వైపు చూడలేదు. టేపు పెట్టారు. ఈసారి హెడ్‌ఫోన్‌లో కాదు, గది మొత్తానికి. ఆ గొంతు గోడలకి తగిలి తిరిగొస్తుంటే తల ఎత్తలేకపోయాను. తిట్లకంటే ఆ 'బంగారం' దగ్గరే నాకు చచ్చిపోవాలనిపించింది.

టేపు అయిపోయాక తేనక్క మెల్లగా అంది. "నాకు ఆ రోజే తెలుసు మేడమ్. పిల్ల గొంతు వినపడగానే తెలిసిపోయింది. రోజంతా నా చెవి దగ్గరే వాగుతుంది కదా. అందుకే మాట పెగల్లేదు నాకు."

"మరి చెయ్యెందుకు ఎత్తలేదు? మూడోదని తెలుసుగా నీకు?"

"ఎత్తితే ఇదిగో, ఇట్లా కూర్చోబెట్టి వింటారు కదండీ. చిన్నపిల్ల."

తల కొట్టేసినట్టయింది నాకు. అంతకుముందు రోజే మిమిక్రీగాడు కుర్చీ ఎక్కితే తేనక్క 'చాల్లే దిగు' అని కసిరింది. ఈమెకేమైంది ఇవాళ అని నేను విసుక్కున్నాను. వారం రోజులు ఆమె తన ఉద్యోగం మీద ఆశ వదులుకుని, నా పక్కన కూర్చుని, డబ్బాలో సగం నాకు పెట్టింది. నేను తింటూ నవ్వుతూ ఉన్నాను.

మేడమ్ ఆ కాల్‌ని లెక్కలోంచి తీసేసింది. "ఈ సంగతి ఈ గది దాటదు," అని మాత్రం అంది.

ఆ వారం ఒక మధ్యాహ్నం బస్టాండుకి వెళ్ళాను. నాన్నకి కనపడకుండా స్తంభం పక్కన నిలబడ్డాను. ఏదో బస్సు రద్దయినట్టుంది, కౌంటర్ ముందు జనం మూగారు. ఒకాయన అద్దం మీద అరచేత్తో బాదుతున్నాడు. "నువ్వు మనిషివా, దున్నపోతువా? సమాధానం చెప్పడానికే కదా నిన్ను కూర్చోబెట్టింది!" అంటున్నాడు. నాన్న అంత జనంలోనూ మెత్తగా, "తప్పైంది సార్, తర్వాతి బస్సులో సీటు చూస్తాను సార్," అంటున్నాడు. అద్దానికున్న చిన్న కంతలోంచి మాట బయటికి రావడానికి మెడ వంచి మాట్లాడుతున్నాడు. ఆయన ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ మెడ అట్లాగే వంగి ఉందేమో. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని తేలిగ్గా అనేస్తాం. నాకు అదంతా అర్థమైంది, జాలి కూడా వేసింది. కానీ సిగ్గు మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

ఆయనకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలి? సాయంత్రమైతే తలుపు మూతపడేది. నేను కంచం ముందు కూర్చుని ఆ తలుపు వంక చూసేదాన్ని. ఈపాటికి ఎవరో ఒకరు 'క్షమించండి సార్' అంటూ ఉంటారు. భోజనానికి పిలవడం మానేశాను. "గొంతు పోయిందా నీకు?" అని విసుక్కుంటూ అమ్మే పిలిచేది.

శిక్షణ ఆఖరిరోజు ఇంటివాళ్ళని రమ్మన్నారు. అమ్మకి బడి యూనిఫాంల ఆర్డరు మీద ఊపిరాడటం లేదు. నాన్న సగంరోజు సెలవు పెట్టాడు.

"అక్కడేముంటుంది నాన్నా చూడ్డానికి? కుర్చీలూ ఫోన్లూ. ఎందుకు సెలవు దండగ?"

"భలేదానివే! మా ఆఫీసరమ్మ ఆఫీసు నేను చూడొద్దూ?" చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. దారి పొడుగునా ఉత్సాహంగా ఉన్నాడు. హాల్లోకి అడుగుపెట్టగానే గోడ మీద రాసింది పైకి చదివి, "బాగుంది, మా బస్టాండులో కూడా పెట్టించాలి," అన్నాడు. నేను ఆయన్ని తొందరగా సర్టిఫికెట్ కాగితాలిచ్చే చోటికి లాక్కెళ్ళాలని చూశాను. ఆయన కదిలితేనా? "మీ తేనక్క ఏదీ? రోజూ ఆవిడ జపమే కదా నీకు."

తేనక్క టీ విరామంలో ఉంది. నాన్నని చూసి లేచి నిలబడింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తర్వాత ఆయనకి నమస్కారం పెట్టింది. "రండి, కూర్చోండి. మీ అమ్మాయి చాలా చురుకైనదండీ. మాకందరికీ బెంగగా ఉంటుంది ఇక."

నాన్న ముఖం విప్పారింది. "ఎంత చక్కటి గొంతమ్మా నీది! ఇట్లాంటి గొంతు ఫోన్ ఎత్తితే ఎంతటివాడికైనా కోపం వస్తుందా?"

వేసవంతా ఆ గొంతుని ఆయన విన్నాడు. వినడమేంటి, తిట్టాడు. గుర్తుపట్టలేదు.

తేనక్క నవ్వింది. "వస్తుందండీ ఒక్కోసారి. ఎవరి కష్టం ఏంటో మనకేం తెలుసు," అంది. ఇంతలో విరామం అయిపోయింది. ఏమీ అనుకోకండని చెప్పి కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. తెర వెలిగింది. ఫ్రిజ్ కంపెనీ పేరు చెప్పి నమస్కారం పెట్టింది. ఆ కాల్ చిన్నది. రెండోసారి తెర వెలిగింది, ఈసారి నీటి సరఫరా. పక్క కుర్చీలోవాళ్ళు ఇంటర్నెట్ అంటున్నారు. వెనక వరసలో మళ్ళీ ఫ్రిజ్.

నాన్న ఆమె వెనకే నిలబడి వింటున్నాడు. మొదట ఆయన ముఖాన నవ్వు అట్లాగే ఉంది. తర్వాత తెర వంక చూశాడు, ఆ చివరిదాకా ఉన్న వరసల వంక చూశాడు, ఆఖర్న నా వంక చూశాడు. నేను కళ్ళు దించేసుకున్నాను. అంతే.

కాగితాలు ఇచ్చారు. తేనక్కని ఖాయం చేసినట్టు కూడా అప్పుడే ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న కూడా కొట్టాడు, అందరూ ఆపేశాక కూడా ఇంకాసేపు కొట్టాడు.

బస్సు స్టాపుదాకా నడిచాం. సగం దారిలో అడిగాడు.

"విన్నావా?"

"విన్నాను."

"అమ్మకి తెలుసా?"

"లేదు."

ఇంకొంచెం నడిచాం. ఆయన చెప్పులు రోడ్డు మీద రాసుకుంటున్నాయి. "నన్నక్కడ రోజంతా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. స్టాపుకి చేరాక, బస్సు వచ్చే వైపే చూస్తూ అడిగాడు.

"కోపంగా ఉందా నా మీద?"

"లేదు నాన్నా."

"సిగ్గుగా ఉందా?"

లేదని అనొచ్చు. వేసవంతా నేను ఆ హాల్లో నేర్చుకున్నది అదే కదా, అవతలి మనిషి మనసు నొప్పించకుండా మాట్లాడటం. కానీ ఆయన అడిగిన తీరులో అబద్ధానికి చోటు లేదు.

"ఉంది," అన్నాను.

తల ఊపాడు. బస్సు వచ్చింది. జనం పెద్దగా లేరు. నేను కిటికీ పక్కన కూర్చుని పక్కకి జరిగాను. ఆయన కూర్చోలేదు. "కూర్చో నాన్నా, ఖాళీగానే ఉంది," అన్నాను. "పర్లేదు, నువ్వు కూర్చో," అన్నాడు. ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో నా కాగితం నలగకుండా గుండెకి ఆనించుకుని, మా స్టాపు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.